ఎరువు తెచ్చిన స్కీలు

మా బావమరిది జగ్గయ్యపేట నుంచి ఫోన్ చేస్తే "బావా, అక్క ఉందా?" అనే అంటాడు. నాతో మాట్లాడడానికి అతని దగ్గర పెద్దగా సంగతులుండవు. 2022 ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లవారుజామున మాత్రం అక్క ఊసెత్తలేదు. "బావా, మనవాడికి మోకాలి ఆపరేషనంట. కాళ్ళకి చెక్కలు కట్టుకుని మంచులో జారాడంట. అంత అవసరం ఏమొచ్చిందో నువ్వన్నా కనుక్కో" అన్నాడు.

మనవాడంటే అతని కొడుకు, మా ఆవిడకి మేనల్లుడు. డాలస్‌లో ఉద్యోగం. మా నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం సంగతి తెలిసిందే కదా. మెట్ట. మిరప, పత్తి, బోర్లు, సున్నపురాయి క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు. (ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు. నా నోటికి మాత్రం ఇంకా కృష్ణా జిల్లా అనే వస్తుంది.) వైశాఖంలో చిల్లకల్లు అడ్డరోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడ్డవాడికి మంచు అంటే సోడాబండి మీద ఐసుగడ్డే. మావాడు మొదటిసారి మంచు చూసింది కూడా కొండ మీద కాదు, హైదరాబాద్‌లో. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో స్నేహితులతో స్నో వరల్డ్‌కి వెళ్ళాడు. 2004లో లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర పెట్టారే, అక్కడికి. కోటూ, గ్లోవ్సూ, బూట్లూ అన్నీ వాళ్ళే ఇస్తారు. తిరిగొచ్చాక ఎలా ఉందిరా అని అడిగితే "మంచు బాగుంది మామయ్యా, బూట్లే బాలేదు. ఎవరి కాలికో చేసినవి" అన్నాడు. ఆ మాట నేనప్పుడు నవ్వి వదిలేశాను.

కనుక్కోమన్నాడు కాబట్టి కనుక్కున్నాను. డాలస్ మన మెట్టలాంటిదే. చదును నేల, మండే ఎండ. మంచుకొండలు కావాలంటే రెండు గంటలు విమానంలో డెన్వర్ వెళ్ళి, అక్కడినుంచి మరో రెండు గంటలు కారులో కొండెక్కాలి. ఫిబ్రవరి మూడో సోమవారం వాళ్ళకి సెలవు. శని, ఆది కలిపితే మూడు రోజులు. ఆఫీసులో మనవాళ్ళు అయిదుగురు బయలుదేరారు. అందరూ అక్కడికెళ్ళి సామాను అద్దెకు తీసుకుందామనుకున్నారు. రోజుకి నలభై, యాభై డాలర్లు. మావాడు లెక్క వేశాడు. మూడు రోజులకి నూట యాభై! అంత డబ్బు చెక్కలకి తగలేయడమా? నందిగామ వైపు కుర్రాడొకడు, వాడికి స్నేహితుడు, అప్పటికే ఏడెనిమిదేళ్ళుగా స్కీయింగ్ చేస్తున్నాడు. ఆ వారం వాడికి కుదరక ఊళ్ళోనే ఉండిపోయాడు. "నావి తీసుకెళ్ళరా, ఊరికే గరాజ్‌లో పడున్నాయి" అన్నాడు. బూట్లు, స్కీలు, కర్రలు, వాటి పొడుగు సంచీ, అన్నీ ఇచ్చాడు. విమానంలో ఎలా వేయాలో కూడా నేర్పాడు.

ఇందులో తప్పు పట్టడానికి ఏముంది చెప్పండి? మన ఊళ్ళలో ఇలాగే కదా బతికాం. అంబలి కుండ దగ్గర్నుంచి గుంటక దాకా పక్కింట్లోంచి తెచ్చుకుని పని కానిచ్చుకున్నవాళ్ళమే. అడిగితే లేదనడం ఇంటికి చిన్నతనం. అడక్కుండానే ఇచ్చాడంటే ఆ కుర్రాడిది పెద్ద మనసు. అయితే పెద్దవాళ్ళు ఇంకో మాట కూడా అన్నారు, ఎరువు సొమ్ము బరువు చేటని. అది నగల గురించి చెప్పిన మాట. స్కీల గురించి అని ఎవరనుకున్నారు?

రెండోరోజు మధ్యాహ్నం, పెద్ద ఏటవాలు కూడా కాదుట, నెమ్మదిగా వస్తూ మెలితిరిగి పడ్డాడు. స్కీ కాలిని వదల్లేదు. ఒళ్ళు ఒకవైపు తిరిగింది, కాలు చెక్కతో పాటు ఇంకోవైపు తిరిగింది. మోకాలి లోపల లిగమెంటు తెగింది. ఆపరేషను, ఆరు వారాలు చంకల్లో కర్రలు, తొమ్మిది నెలల వ్యాయామాలు. మిగిల్చిన నూట యాభై డాలర్లకి అయిన ఖర్చు నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

స్కీ కాలిని వదలడమేమిటని నాకూ సందేహం వచ్చింది. ఆ సంగతి 2024 మార్చిలో మేము డాలస్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు పూర్తిగా అర్థమైంది. పిల్లకి స్కూలు సెలవులిచ్చారు. అబ్బాయి, కోడలు, మనవరాలు కొలరాడో వెళ్తూ మమ్మల్నీ రమ్మన్నారు. మేనల్లుడు కూడా వస్తానన్నాడు. "మళ్ళీనా?" అంది మా ఆవిడ. వాడు నవ్వి "ఈసారి నావి నాకున్నాయి అత్తయ్యా" అన్నాడు. ఏమున్నాయా అని చూస్తే ఒక జత బూట్లు. అంతే. స్కీలు లేవు.

మా అబ్బాయికి మాత్రం అన్నీ సొంతవే ఉన్నాయి. పదేళ్ళ నుంచి వెళ్తున్నాడు. ముందురోజు రాత్రి హాల్లో సర్దకం చూశాను. మనిషి గడ్డం దాకా వచ్చే చెక్కలు రెండు, అంచుల వెంట ఉక్కు పట్టీ. వాటిని అడుగు భాగాలు ఎదురెదురుగా పెట్టి, మధ్యలో గుడ్డ వేసి, రెండుచోట్ల పట్టీలతో బిగించాడు. ముందు కొసకీ వెనక కొసకీ స్వెట్టర్లు చుట్టాడు. మంచు కోట్లు, ప్యాంట్లు నడుమ దూర్చాడు. సంచీ నిండేసరికి చూస్తే అది శవంలా ఉందని నేను పైకి అనలేదు గానీ అనుకున్నాను. బాత్రూం తూకం మీద దాన్ని కావలించుకుని నిలబడి, తన బరువు తీసేసి లెక్క కట్టాడు. ఇరవై ఒక్క కిలోలు. "ఇరవై మూడు దాకా పరవాలేదు నాన్నా."

ఈ ఇరవై మూడు అనే అంకె నాకు బాగా పరిచయం. అమెరికాలో పిల్లలున్న నందిగామ ఇళ్ళలో ఎవర్నడిగినా చెప్తారు. ఒకప్పుడు మనిషికి 32 కిలోల పెట్టెలు రెండు తీసుకుపోనిచ్చేవారు. అది మహారాజుల కాలం. తరవాత 23కి దించారు. అప్పటినుంచి ఆవకాయ, కారప్పొడి, పెనుగంచిప్రోలు అమ్మవారి కుంకుమ, కోడలికి చీరలు, మనవరాలికి పట్టు లంగా, వీటిలో ఏది ఉండాలి, ఏది దిగాలి అని ప్రతి ప్రయాణానికీ ఇంట్లో పంచాయితీ. మేము బయలుదేరే ముందు పెట్టెల్ని వీధి చివరి కొట్లో మిరప టిక్కీలు తూచే కాటా మీద పెట్టించాం. 2006లో లండన్‌లో విమానాల మీద కుట్ర బయటపడ్డాక ద్రవాలేవీ నూరు మిల్లీలీటర్లకి మించి చేతిసంచీలో తీసుకెళ్ళనివ్వడం లేదు కాబట్టి నూనె తేలే జాడీలన్నీ పెద్దపెట్టెలోకే పోవాలి. ఎండుకొబ్బరి ఆ పెద్దపెట్టెలోకీ కుదరదు. దానంతట అది వేడెక్కి అంటుకోగల సరుకుల జాబితాలో కొబ్బరి కురిడీ ఉందని చాలామందికి తెలీదు. కురిడీల కోసం కౌంటర్లో వాదించి ఓడిపోయిన వియ్యపురాలు నాకొకరున్నారు.

మన సామానుకీ వాళ్ళ సామానుకీ తేడా ఒకటుంది. మనం అక్కడ దొరకనిదాన్ని మోసుకెళ్తాం. స్కీలు అలా కాదు. కొండ కింద అడుగడుగునా అద్దె దుకాణాలే. వెళ్ళినచోట దొరికేదాన్ని మోయడమెందుకని మా అబ్బాయినడిగాను. వాడు నిజాయితీగానే చెప్పాడు. "లెక్క చూస్తే మోయకూడదు నాన్నా. స్కీలు, బూట్లు కొత్తవి కొంటే ఎనిమిదొందలు, వెయ్యి డాలర్లు. ఏడాదికి నాలుగు రోజులు వెళ్ళేవాడికి అది ఎప్పటికి తీరేను? నాలుగు రోజుల దుక్కికి ట్రాక్టరు కొన్నట్టు. నేను పన్నెండు, పదిహేను రోజులు వెళ్తున్నా కాబట్టి కొన్నా."

దానికి తోడు విమానం ఛార్జీ. అమెరికాలో దేశం లోపలి విమానాల్లో 2008 నుంచి పెద్ద కంపెనీలు మొదటి పెట్టెకి కూడా డబ్బు వసూలు చేయడం మొదలుపెట్టాయి. 2024లో అది ఒక్కోవైపూ ముప్ఫై అయిదు, నలభై డాలర్ల దాకా ఉండేది. డాలస్‌కే చెందిన సౌత్‌వెస్ట్ ఒక్కటి చాలాకాలం రెండు పెట్టెలు ఊరికే మోసింది. మేము వెళ్ళినప్పుడు కూడా మోసింది. 2025 మే తరవాత కొన్న టికెట్లకి వాళ్ళూ ఆపేశారు. స్కీ సంచీ ఆరడుగులున్నా చాలా కంపెనీలు పొడుగుకి విడిగా జరిమానా వేయవు. స్కీ సంచీ, బూట్ల సంచీ కలిపి ఒకే పెట్టె కింద లెక్క కడతాయి. కాకపోతే బూట్ల సంచీలో బూట్లే ఉండాలని కొందరు పట్టుబడతారు. ఇది కంపెనీ కంపెనీకీ మారుతుంది. టికెట్ కొనకముందే వాళ్ళ నిబంధన చదువుకోవాలి, కొన్నాక కాదు.

విమానాశ్రయంలో మా మేనల్లుడు స్కీలు లేనివాడు కదా, పెద్ద సామానేమీ వేయలేదు. బూట్లు రెండూ పట్టీతో కలిపి భుజాన వేసుకుని, మేకపిల్లని మోస్తున్నట్టు నడిచాడు. తనిఖీ దగ్గర వాటిని ట్రేలో పెట్టాడు, వాళ్ళు చూసి పంపించేశారు. స్కీ బూట్లని విమానం లోపలికి తీసుకెళ్ళనిస్తారు. స్కీల్ని, కర్రల్ని మాత్రం తీసుకెళ్ళనివ్వరు, అవి కిందికే పోవాలి. మా అబ్బాయి కూడా స్కీ సంచీ అప్పజెప్పి, బూట్లు మాత్రం చేతిలోనే ఉంచుకున్నాడు. నాలుగు కిలోల బూట్లని కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చోవడం ఎందుకని నా ప్రశ్న.

"సామాను రాకపోతే?" అన్నాడు మేనల్లుడు. "స్కీలు రాకపోతే పది నిమిషాల్లో ఇంకో జత అద్దెకి తెచ్చుకోవచ్చు మామయ్యా. ఈ బూట్లు పోతే ఇంకో జత దొరకదు."

సామాను రాకపోవడం అంటే గుర్తొచ్చింది. మేము దిగిన డెన్వర్ విమానాశ్రయానిది ఆ విషయంలో పెద్ద చరిత్రే. తెల్లటి గుడారాలు వరసగా నిలబెట్టినట్టు, మంచు శిఖరాల్లా ఉంటుంది దాని కప్పు. సామాను మోయడానికి మనుషులక్కర్లేకుండా, పట్టాల మీద బళ్ళు వాటంతట అవే పరుగెత్తే యంత్రాంగం పెడతామన్నారు. పరీక్షకి పెడితే అది పెట్టెల్ని విసిరేసింది, చించేసింది, నలిపేసింది. దానివల్లే 1993 అక్టోబరులో తెరవాల్సిన విమానాశ్రయం పదహారు నెలలు ఆలస్యంగా, 1995 ఫిబ్రవరి 28న తెరిచారు. తరవాత కూడా కొంత భాగమే పనిచేసింది. చివరికి 2005లో దాన్ని పక్కనపెట్టి మళ్ళీ మనుషులూ, లాగుడు బళ్ళకే వచ్చారు. ఇప్పుడు ఇబ్బందేమీ లేదు. మా స్కీ సంచీ క్షేమంగా వచ్చింది. కాకపోతే పెట్టెలు తిరిగే బెల్టు మీద దానికోసం అరగంట ఎదురుచూశాం. పొడుగు సామాను వేరేచోటకి వస్తుందని మా అబ్బాయికి తెలిసి కూడా మాటల్లో పడి మరిచిపోయాడు.

అక్కడినుంచి కొండదారి. ఐజెన్‌హోవర్ సొరంగం దాటేటప్పుడు పదకొండు వేల అడుగుల పైన ఉన్నామన్నారు. మాకు తలనొప్పి పట్టుకుంది. నీళ్ళు తాగించారు. ఆ రాత్రి మేనల్లుడు బూట్లని కారు డిక్కీలో వదలకుండా గదిలోకి తెచ్చి హీటర్ పక్కన కాస్త ఎడంగా పెట్టాడు. చలికి ప్లాస్టిక్ బిగుసుకుపోతే పొద్దున్నే కాలు దూరదట. వరస చూస్తే చంటిపిల్లాడికి పక్క వేసినట్టే ఉంది.

అప్పుడు చెప్పించుకున్నాను బూట్ల సంగతి. పైన గట్టి ప్లాస్టిక్ డొల్ల, లోపల మెత్తటి తొడుగు. తొడుగుని వేడిచేసి మన పాదాన్ని అందులో పెట్టిస్తే మన చీలమండ, మన మడమ ఎలా ఉంటే అలా అచ్చు పడుతుంది. కొలత కూడా మన చెప్పుల నంబరు కాదు, పాదం పొడవు సెంటీమీటర్లలో. కాలు లోపల ఏమాత్రం కదిలినా మనం తిప్పమన్నవైపు స్కీ తిరగదు. అది మన కళ్ళజోడులాంటిది, కట్టుడుపళ్ళలాంటిది. పెళ్ళికి షామియానా, కుర్చీలు, గుండిగలు అద్దెకు తెచ్చుకుంటాం, కట్టుడుపళ్ళు తెచ్చుకోం కదా. స్నేహితుడి బూట్లు వాడికి ఒకటిన్నర సైజు పెద్దవిట. రెండు జతల మేజోళ్ళు తొడిగి సరిపెట్టాడు.

అసలు ప్రమాదం మాత్రం బూటులో లేదు. మర్నాడు పొద్దున్న అద్దె దుకాణానికి వెళ్ళాం. మేనల్లుడికి స్కీలు, కోడలికీ మనవరాలికీ అన్నీ కావాలి. (పిల్లలకి కొనడం శుద్ధ దండగ. ఆ కాళ్ళు ఏడాదికి ఒక సైజు పెరుగుతాయి.) మా ఆవిడని కూడా కోడలు ఒప్పించింది, పిల్లలు జారే మెత్తటి దిబ్బ మీద గంటన్నర పాఠం. అక్కడ ఒక కాగితం ఇచ్చారు. బరువు, ఎత్తు, వయసు, ఎంత బాగా జారగలరు. మా ఆవిడ బరువు అరవై అని రాయమంది. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది. నేను అరవై రాశాను.

మేనల్లుడు కాగితం లాక్కున్నాడు. "అత్తయ్యా, ఇక్కడ నిజమే రాయాలి. తక్కువ రాస్తే నడుస్తూ నడుస్తూ ఊడిపోతుంది. ఎక్కువ రాస్తే పడ్డా ఊడదు." వాడి గొంతులో సరదా లేదు. ఆవిడ అరవై ఎనిమిది చెప్పింది.

మాకు ముందు వరసలో నలుగురు మనవాళ్ళే, తెలుగు మాట్లాడుకుంటున్నారు. అందులో ఒకతను మొదటిసారి వచ్చినట్టే ఉన్నాడు, 'బాగా వచ్చు' అన్న గడిలో టిక్కు పెడుతున్నాడు, నవ్వుకుంటూ. మేనల్లుడు వెళ్ళి వాళ్ళతో ఏదో మాట్లాడాడు. ప్యాంటు పైకి లాగి మోకాలి మీది గాటు చూపించాడు. ఆ అబ్బాయి కాగితం కొట్టేసి కొత్తది అడిగాడు.

లోపల పనివాడు ఏం చేస్తాడో దగ్గర నిలబడి చూశాను. స్కీ మధ్యలో రెండు బిగింపులుంటాయి. ఒకటి బూటు ముందు కొసని, ఒకటి మడమని పట్టుకుంటుంది. వీటిని బైండింగ్ అంటారు. లోపల స్ప్రింగులు. పడినప్పుడు కాలు మెలిపడే బలం ఒక హద్దు దాటితే స్ప్రింగు లొంగి బూటుని వదిలేయాలి. చెక్క ఒకవైపు పోతుంది, మనిషి ఒకవైపు పడతాడు. ఆ హద్దుని స్క్రూతో తిప్పి పెడతారు. పైన చిన్న కిటికీలో అంకె కనిపిస్తుంది. మనిషి బరువు, ఎత్తు, వయసు, జారే తీరు, బూటు అడుగు పొడవు మిల్లీమీటర్లలో, ఇవన్నీ పట్టికలో చూసి ఆ అంకె తేలుస్తారు. బరువైనవాడికి, వేగంగా జారేవాడికి ఎక్కువ. తేలికైనవాడికి, కొత్తవాడికి తక్కువ. బూటు మారితే, మనిషి మారితే మళ్ళీ చూడాల్సిందే.

నందిగామ కుర్రాడు తొంభై కిలోల పైమాటే, ఆరితేరినవాడు. వాడి స్కీల మీద అంకె ఎనిమిదిన్నర. మావాడు అరవై రెండు కిలోలు, అంతకుముందు ఒక్కసారి వెళ్ళినవాడు. వాడికి ఉండాల్సింది నాలుగున్నర దరిదాపుల్లో. ఆ సంగతి ఇచ్చినవాడికీ తట్టలేదు, తీసుకున్నవాడికీ తెలీదు. కొండ కింద ఏ దుకాణంలో చూపించినా అయిదు నిమిషాల పని.

రాత్రి జగ్గయ్యపేటకి ఫోన్ చేసి ఇదంతా బావమరిదికి చెప్పబోయాను. స్ప్రింగు, అంకె, పట్టిక అంటుంటే అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇలా కాదని "మీ బోరు మోటారు స్టార్టర్‌లో ఫ్యూజు ఉంటుంది చూడు" అన్నాను.

"ఆ..."

"మాటిమాటికీ పోతోందని అందులో లావు తీగ చుడితే?"

"మోటారు కాలిపోతది." ఒక్క క్షణం ఆగాడు. "అంటే మావోడికి లావు తీగ చుట్టి పంపారా బావా?"

నాకు ఇంతకంటే బాగా చెప్పడం చేతకాదు. ఒక మాట మాత్రం చేర్చాలి, ఎందుకంటే డాక్టరు వాడికి చెప్పాడట. ఈ బిగింపులు ముఖ్యంగా కాలి ఎముకలు విరక్కుండా కాపాడడానికి పుట్టాయి. అందులో అవి గొప్పగా పనిచేశాయి. మోకాలి లిగమెంటు దగ్గర అంత భరోసా లేదు. అంకె సరిగ్గా ఉన్నా కొన్ని రకాల పడటాల్లో తెగుతుంది. అంచేత నాలుగున్నర ఉంటే మావాడి మోకాలు దక్కేదని ఎవరూ రాసివ్వలేరు. ఎనిమిదిన్నర పెట్టుకుని వెళ్ళడం మాత్రం ఏ లెక్కన చూసినా తప్పే.

అమెరికా దాకా వెళ్ళనివాళ్ళకి కూడా ఈ గొడవ ఉంది. ఈమధ్య హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి పిల్లలు గుల్‌మార్గ్ వెళ్తున్నారు. శ్రీనగర్‌లో దిగితే యాభై కిలోమీటర్లు. 2020 నుంచి ఖేలో ఇండియా శీతాకాల పోటీలు అక్కడ కూడా జరుగుతున్నాయి. మన దేశంలో మామూలు టికెట్‌కి సామాను పరిమితి 15 కిలోలే కాబట్టి సొంత స్కీలు మోసుకెళ్ళేవాళ్ళు అరుదు, అద్దెవే దిక్కు. ఆ అద్దె ఇచ్చేవాడు మీ బరువు అడక్కుండా, బూటు అందులో పెట్టి స్క్రూ తిప్పకుండా చేతికిస్తే తీసుకోకండి. ఇంకోటి, చేతులు వెచ్చగా ఉంచే బ్యాటరీ గ్లోవ్స్ కొంటున్నారు కుర్రాళ్ళు. వాటి విడి బ్యాటరీలు చేతిసంచీలోనే ఉండాలి, పెద్దపెట్టెలో వేయకూడదు.

ఆ మూడు రోజులూ మా ఆవిడ దిబ్బ మీద ఆరుసార్లు కూలబడింది, ఆరుసార్లూ నవ్వింది. రెండుసార్లు స్కీ ఊడి పక్కకి పోయింది. ఊడినప్పుడల్లా మేనల్లుడు దూరం నుంచి చూసి "బాగుంది అత్తయ్యా!" అని అరిచేవాడు. పడితే బాగుందంటాడేమిటని పక్కవాళ్ళు వింతగా చూశారు.

ఒక విషయం మాత్రం నన్ను అప్పట్నుంచీ తొలుస్తూనే ఉంది. స్కీలు ఇచ్చిన కుర్రాడికి మావాడు ఇదేమీ చెప్పలేదు. ఆపరేషనప్పుడు ఆసుపత్రికి కారులో తిప్పింది ఆ కుర్రాడే. ఇక్కడ నందిగామలో వాళ్ళమ్మగారు కబురు తెలిసి, బత్తాయిలు, హార్లిక్స్ పట్టుకుని బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళి మా బావమరిది భార్యని పలకరించి వచ్చింది. కొడుకు అమెరికాలో పడితే తల్లికి హార్లిక్స్ ఏమిటని మేము నవ్వుకున్నాం గానీ, ఆవిడ మనసు అర్థమైంది. అలాంటివాళ్ళకి "మీ అబ్బాయి ఇచ్చిన చెక్కల వల్లే" అని ఎలా చెప్తాం? మా బావమరిది అయితే ఖండితంగా చెప్పాడు. "ఉపకారం చేసినోడిని తప్పు పట్టడం మన ఇంటా వంటా లేదు. ఆ మాట ఎత్తొద్దు."

నేనొప్పుకోలేదు. తప్పు పట్టడం వేరు, చెప్పడం వేరు. ఆ స్కీలు ఇంకా ఆ గరాజ్‌లోనే ఉన్నాయి కదా. ఆ కుర్రాడి చెయ్యి పెద్దది కదా. ఈ మాట మేనల్లుడితో తిరుగు ప్రయాణంలో డెన్వర్ విమానాశ్రయంలోనే అన్నాను. వాడు బూట్ల పట్టీ సవరించుకుంటూ "చూద్దాం మామయ్యా" అన్నాడు. ఏడాదికి పైగా చూశాడు.

పోయిన నెలలో ఒక ఆదివారం ఫోన్ చేశాడు. చెప్పేశాడట. అవతలివాడు చాలాసేపు మాట్లాడలేదట. తరవాత "ఈలోగా ఇంకో ఇద్దరికి ఇచ్చానురా. ఒకడు ఈ డిసెంబర్లో కూడా అడిగాడు" అన్నాడట.

"మరి?" అన్నాను.

"శనివారం ఇద్దరం కలిసి వాటిని దుకాణానికి తీసుకెళ్తున్నాం మామయ్యా. ఆ అడిగినవాడిని కూడా రమ్మన్నాం, బూట్లు కొలిపించుకోవడానికి. ముందు వాడి బరువెంతో నిజం చెప్పమన్నా."